బట్టమేక గూటి పక్కన సున్నపు రాయి

ఉద్యోగంలో నాకు జరిగిన అవమానాలు మూడు. ఎక్కడ జరిగాయో, ఏ పూట జరిగాయో, ఎవరెవరు చూస్తూ నిల్చున్నారో ఇప్పుడడిగినా చెప్తాను. నాకు రావలసిన కొత్త ఇత్తడి బిళ్ల బెల్టును నాకంటే వెనక చేరినవాడికి కట్టబెట్టి, వాడు విప్పేసిన పాత బెల్టును నా ముందు పడేయడం మొదటిది. అతిథులు కూర్చున్న చోట మా దారోగా నన్ను చూపించి "ఈయన మా నక్కల జమేదారు" అనడం రెండోది. ఈ రెండింటి గురించీ నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానంటే, ఇప్పుడు "ఆ బెల్టు ఉంది చూడు" అనగానే మా వాళ్లు చెంబు పట్టుకుని లేచిపోతారు.

మూడోది పిట్టలు పట్టుకుని బతికే ఒక ముసలాయన అన్న మాట. దాని సంగతి ఇంతవరకు ఎవరికీ చివరిదాకా చెప్పలేదు. చెప్తే తప్పెవరిదో తేలిపోతుంది. మీలో అడవి శాఖలో చేరినవాళ్లు, చేరాలనుకునేవాళ్లు ఉంటే, ఇది మీకోసం రాస్తున్నాను.

అది సంస్థానాల కాలం. గద్వాల, వనపర్తి, కొల్లాపూరు చుట్టూ చిన్నాపెద్దా దొరతనాలు నడుస్తున్న రోజులు. నేను ఏ కొలువులో ఉన్నానో రాయను. పేర్లు రాయాలని చేయి దురద పెడుతుంది గానీ, ఎవరూ మిగల్లేదు. మిగలని వాళ్ల మీద ఫిర్యాదు ఎవరికి ఇచ్చుకోవాలి? మా దొరగారికి పాన్‌గల్ గుట్టల కింద నుంచి కృష్ణ వైపు దిగే పెద్ద గడ్డి బీడు ఒకటి ఉండేది. షికారు బీడు అనేవాళ్లం. దసరా తర్వాత అతిథులు వచ్చి అందులో బట్టమేకలను వేటాడేవారు.

మీరు బట్టమేకను చూసి ఉండరు. పేరులో మేక ఉన్నా అది పిట్ట. నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది. వీపు ఎండుగడ్డి వన్నె, మెడ తెలుపు, నెత్తిన నల్లటి టోపీ. పరుగెత్తదు, కంగారు పడదు. పంచాయితీకి వచ్చిన పెద్దమనిషిలా గడ్డిలో అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంది. గూడు అని మేం అనేవాళ్లం గానీ అది గూడు కట్టదు. గడ్డి దుబ్బు పక్కన నేలను కాస్త గీరి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పోతే ఆ ఏడు పోయినట్టే. మా బీట్లో పిట్టలు ఏటేటా తగ్గిపోతున్నాయి. అతిథులు ఉత్త చేతులతో తిరిగి వెళ్లడం మొదలయ్యాక దొరగారికి కోపం వచ్చింది. కచేరి నుంచి హుకుం వచ్చింది: గూళ్లను దోచే జంతువులను బోనులు పెట్టి పట్టండి, పిట్టలను పెంచండి.

ఆ పని నాకు అప్పగించారు. మాది పొడి చేన్ల మీద బతికే కాపు కుటుంబం. నేను నాలుగు అక్షరాలు నేర్చి జవానుగా చేరాను. చేరిన ఐదో ఏడు అది. పట్టవలసిన వాటి జాబితాను దారోగా గట్టిగా చదివాడు: నక్క, గుంటనక్క, ముంగిస, ఉడుము, అడవిపిల్లి. అందరం తలలూపాం. ఇంకేమైనా ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ జాబితాలో లేనిది ఏమిటో ఇప్పుడు చదువుతున్న మీకు తట్టినా, అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. ఒక్కడికి తప్ప.

ఆ ఒక్కడే పిట్టలాయన. వాళ్ల తాతల కాలం నుంచి ఆ బీడు అంచున గుడిసెలు వేసుకుని ఉండేవారు. గుర్రపు తోక వెంట్రుకలు పేని ఉచ్చులు చేసి కౌజు, పూరీడు పిట్టలు పట్టుకుని పాన్‌గల్ సంతలో అమ్ముకునేవారు. బట్టమేకను మాత్రం ముట్టేవారు కాదు. గూళ్లు ఎక్కడున్నాయో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు కాబట్టి దారోగా ఆయన్ను నాకు దారి చూపే మనిషిగా ఇచ్చాడు. బక్కపలచని మనిషి, నా తండ్రి ఈడువాడు. మాట మాత్రం బాణంలా వచ్చేది.

మొదటి నెల నా బోనులన్నీ ఖాళీ. తుమ్మకర్ర పెట్టె, ఒకవైపు జారుడు తలుపు, లోపల మీట మీద ఎర. నక్కకు కొల్లాపూరు నుంచి వచ్చిన ఎండు చేప, ముంగిసకు కోడిగుడ్డు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క జంతువూ రాలేదు. పిట్టలాయన నా పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చాడు.

"పటేలా, నీ చేతుల తంబాకు వాసన నాకే కొడుతున్నది. నక్కకు కొట్టదా?"

ఆవుపేడ, వేపాకు కలిపి బోనుకూ నా చేతులకూ ఆయనే రుద్దాడు. మర్నాడే నక్క పడింది. నేను దారోగాకు పంపిన కాగితంలో "నేను కనిపెట్టిన పద్ధతి వలన" అని రాశాను. ఇది కూడా ఇప్పుడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

ఇక ఆ రాళ్ల సంగతి. మా ఊళ్లో జొన్న చేను ఏపుగా పెరిగితే నలుగురి కళ్లూ పడతాయని చేను నడుమ ఒక రాయికి సున్నం పూసి, దాని మీద మసితో మూడు చుక్కలు పెట్టి నిలబెడతాం. చూసేవాడి చూపు ముందు దాని మీద పడి ఆగిపోతుంది, పైరుకు దిష్టి తగలదు. మా నాయన పెట్టేవాడు, ఆయన పోయాక నేను పెట్టాను. బట్టమేక గుడ్డు అంతకంటే విలువైనది కదా అని నాకు తోచింది. గూడు కనపడిన ప్రతిచోటా పది అడుగుల దూరంలో సున్నం కొట్టిన రాయి నిలబెట్టాను. దిష్టికి దిష్టి; గొర్రెల మందలు తోలుకొచ్చేవాళ్లు దూరం నుంచే చూసి పక్కకు మళ్లుకుంటారు; నిలువెత్తు గడ్డిలో గూడు ఎక్కడుందో నేను వెతుక్కునే బాధ తప్పుతుంది. ఒక్క రాయితో మూడు పనులు. అంత తెలివైన పని నా జీవితంలో అప్పటిదాకా చేయలేదని నాకు గట్టి నమ్మకం.

తనిఖీకి దారోగా గుర్రమెక్కి వచ్చిన రోజు, పది పన్నెండు మంది జవాన్లు నిల్చుని ఉండగా, ఆ రాళ్ల గొప్పతనం వివరించాను. దారోగా "బాగుంది" అని గడ్డం నిమురుకుంటున్నాడు. అప్పుడు వెనక నుంచి ఈయన గొంతు.

"గీ తెల్లరాళ్లు ఎవరి కోసం పటేలా? కాకులకు తొవ్వ చూపనీకా?"

జవాన్లు పడీపడీ నవ్వారు. దారోగా అయితే గుర్రం మీద వంగిపోయి, కళ్లు తుడుచుకుని, కొంచెం ఆగి మళ్లీ నవ్వాడు. పిట్టలాయన ఇంకా ఏదో చెప్పబోయాడు. "నీ పని నువ్వు చూస్కో" అని నోరు మూయించాను. నా చెవులు ఆ రోజు మాపటిదాకా మండాయి. ఆ మాట అన్నప్పుడు ఆయన ఏ చేత్తో తలపాగా సర్దుకున్నాడో కూడా నాకు గుర్తుంది. ఎడమ చేత్తో.

ఆ ఏడు ఐదు గూళ్లు కనిపెట్టాం. నాలుగు గుడ్లు పోయాయి. నక్కలు ఇంకా ఉన్నాయి కదా అనుకుని రెండో ఏడు బోనులు రెట్టింపు చేయించాను. బోనులు దాచే మా కొట్టం గోడ నిండా తోకలు కొట్టాం. రుజువుకు తోక చాలు కాబట్టి తోక కోసి కళేబరాన్ని అక్కడే బీట్లో విసిరేసేవాళ్లం. మోసుకుపోయి పాతిపెట్టడమెందుకు అని. నక్క కూత వినపడడం మానేసింది. ముంగిస అడుగులు కనపడడం మానేశాయి. గుడ్లు మాత్రం పోతూనే ఉన్నాయి.

దారోగా కొట్టం గోడ ముందు నిలబడ్డాడు.

"తోకలు శాన తెచ్చినవ్ జమేదారూ. పిట్టపిల్లలేవి?"

"ఇంకొన్ని రోజులాగండి సాబ్."

"దొరగారు ఆగమంటే ఆగుతరా? వచ్చే దసరాకు పిల్లలు కనపడకుంటే నీ బోన్ల కర్ర నీకే పొయ్యిల పెట్టుకోను పంపిస్త. నీ ఇంటికి."

ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఆ మాట వినడానికి జవాన్లు గుమిగూడడం నాకు ఎక్కువ కష్టమనిపించింది.

ఆ వారంలోనే పిట్టలాయన ఒక గుడ్డు పెంకు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ఆకుపచ్చా మట్టిరంగూ కలిసిన పెద్ద గుడ్డు, మధ్యలో వేలు దూరేంత బొక్క, లోపల ఏమీ లేదు.

"చూడు పటేలా. నక్క నములుతది. ముంగిస కొస కొరుకుతది. ఉడుము గుటుక్కున మింగుతది, పెంకు గూడ మిగల్చది. గిట్ల బొక్క పొడిచి తాగేది ఏంది?"

"నువ్వే చెప్పు."

"నేను నిరుడే చెప్పిన గద."

నిరుడు అన్న మాటతో నాకు ఆ గుర్రం, ఆ నవ్వు, ఆ ఎడమ చెయ్యి ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. ఆయన చెప్పింది ఏమిటని నేను ఆలోచించలేదు. మళ్లీ దెప్పుతున్నాడు అని మాత్రం అనుకున్నాను. పెంకు ఎవరు తెచ్చారు? ఆయనే. గూళ్లు ఎవరికి తెలుసు? ఆయనకు. బొక్క పొడిచి పచ్చిగుడ్డు తాగేది మనిషి కాక ఇంకెవరు? అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అతికించింది నా కోపం అని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకది బుద్ధిలాగే కనిపించింది.

అర్జీలు రాయడంలో నాకు సాటి లేరు. గుడ్ల దొంగ ఆయనే అని ఆ రోజు రాసినంత బాగా ఎన్నడూ రాయలేదు. పెంకును కూడా గుడ్డలో చుట్టి జతచేశాను. ఆయన నమ్మి నా చేతికి ఇచ్చిన పెంకునే.

నేను అనుకున్నది వేరు. కచేరిలో పిలిచి నాలుగు మాటలు అంటారు, జవాన్ల ముందు తల వంచుకుంటాడు, లెక్క సరిపోతుంది. అంతే కోరుకున్నాను. హుకుం వచ్చినప్పుడు నేనే చదివి వినిపించాలి. చదివాను. ఆ మనిషి గానీ ఆయన ఇంటివాళ్లు గానీ ఇకమీద బీడు హద్దులో అడుగు పెట్టరాదు. గుడిసెలు తీసేయాలి. వలలు, ఉచ్చులు పట్టుకుని అక్కడే కాల్చేయాలి.

పట్టపగలు, గుడిసెల ముందు, జవాన్లు వాటిని కుప్ప పోశారు. వెంట్రుకల ఉచ్చులు చుట్టలు చుట్టలుగా, నూలు వలలు, వెదురు పుల్లలు. నిప్పు పెట్టగానే గుర్రపు వెంట్రుకలు చిటపటమని ముడుచుకుని నల్లటి పొగ లేచింది. ఆ వాసన ఎలాంటిదో నేను వర్ణించను. దారోగా ముక్కుకు రుమాలు పెట్టుకుని గుర్రాన్ని వెనక్కు తిప్పాడు.

పిట్టలాయన భార్య నా దగ్గరకు వచ్చింది. ఏడవలేదు.

"అండ్ల మా మామ పేనినవి ఉన్నయి పటేలా. గవన్న ఇయ్యరాదా?"

నేను దారోగా వైపు చూశాను. దారోగా ఇటు తిరగలేదు. చూస్తూ ఉండగానే అవీ కాలిపోయాయి.

పిట్టలాయన మూటలు నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు నడిచి ఆగాడు. తిట్టబోతున్నాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నిప్పు పూర్తిగ సల్లార్పుండ్రి పటేలా. గాలి ఇటే ఉన్నది. గడ్డి అంటుకున్నదంటే, ఆ రేగుపొద కాడ పిట్ట గుడ్డు మీదున్నది."

అని వెళ్లిపోయాడు. నేను చెంబెడు నీళ్లు తెచ్చి నిప్పు మీద పోశాను. గుడ్డు దొంగకు పిట్ట సంగతి ఎందుకు? ఆ ప్రశ్న వచ్చింది. వచ్చినదాన్ని మళ్లీ లోపలికి తోసేశాను. తోసేయడం అలవాటైన మనిషిని.

రేగుపొద దగ్గరి గుడ్డు కూడా పోయింది. అదే బొక్క.

అయినా నేను మొండివాణ్ణి. ఆయనే హద్దు దాటి వచ్చి, కక్షతో చేస్తున్నాడని చెప్పాను. నమ్మాను కూడా. మూడో ఏడు వానలు పడి గడ్డి లేచాక ఒక గూడు నేనే స్వయంగా కనిపెట్టాను. పక్కన రాయి నిలబెట్టి మంచి సున్నం రెండు పూతలు పూశాను. దారోగాను బతిమాలి దుర్బిణీ అడిగి తెచ్చుకున్నాను. "పగలగొడితే నీ కళ్లు పీకి అండ్ల పెడ్త" అని ఇచ్చాడు, అది కూడా రాసుకోండి. పొద్దు పొడవకముందే దూరంగా ఉన్న బండల వెనక పొట్ట మీద పడుకున్నాను. పిట్టలాయన్ను పట్టుకోవాలి. చేతులు వెనక్కు కట్టి కచేరికి నడిపించాలి. అది నా పట్టుదల.

ఎండ ఎక్కింది. బట్టమేక గుడ్డు మీద కూర్చునే ఉంది. దుర్బిణీలో దాని కన్ను కూడా కనపడుతోంది. మనిషి అలికిడి ఎక్కడా లేదు. అప్పుడు ఒక కాకి వచ్చింది.

మాల కాకి. నేరుగా వచ్చి నా సున్నపు రాయి మీద వాలింది. ముక్కును రెండువైపులా రాయికి రుద్దుకుంది. మెడ తిప్పి చుట్టూ చూసింది. తర్వాత కిందికి దిగి, సంతలో తెలిసిన అంగడికి పోయినట్టు, ఎక్కడా ఆగకుండా గూడు వైపు నడిచింది. బట్టమేక లేచి రెక్కలు విప్పి దాని మీదికి ఉరికింది. కాకి నాలుగడుగులు వెనక్కు వేసి, ఊరించి, ఇంకా దూరం లాక్కుపోయింది. అంతలో రెండో కాకి వెనక నుంచి వచ్చి వాలింది. ముక్కుతో పొడిచింది. ఒకటి, రెండు, మూడు. తల వంచింది.

నేను లేచి అరవలేదు. రాయి విసరలేదు. దుర్బిణీ కంటి నుంచి తీయలేదు. అయినా ఆ క్షణంలో కూడా నా మొండి బుర్ర ఒక దారి వెతికింది: ఏదో ఒక కాకి, ఒక్క గుడ్డు, ఒక్క రోజు. మిగిలినవన్నీ ఆయనే.

అప్పుడు ఆ కాకులు లేచి తూర్పుకు ఎగిరాయి. అక్కడ నా నిరుటి రాయి ఉంది. ఈ ఏడు అక్కడ గూడు లేదు, గుడ్డు లేదు, ఏమీ లేదు. ఉత్త రాయి. రెండూ దాని మీద వాలాయి. దిగి దాని చుట్టూ గడ్డిలో వెతికాయి. ఏమీ దొరక్క మళ్లీ లేచి ఇంకో పాత రాయి మీదికి పోయాయి. అక్కడా దిగి వెతికాయి. దుర్బిణీ పట్టుకుని నేను ఒక్కొక్క రాయీ చూస్తూ పోయాను. రేగుపొద రాయి. వాగు అంచు రాయి. మూడేళ్లలో నేను పెట్టిన ప్రతి రాయి పైనా తెల్లటి సున్నం మీద కాకి రెట్ట చారలు. అవి నేను చూడనివి కావు. ప్రతి తనిఖీలో కడిగి మళ్లీ సున్నం పూశాను.

కడిగి మళ్లీ పూశాను.

అన్ని కాకులు ఎందుకు చేరాయో కూడా అప్పుడే తట్టింది. తోకలు కోసి మేం విసిరిన కళేబరాల మీద అవి రెండేళ్లు బతికాయి. వాటిని భయపెట్టే నక్కను మేమే తీసేశాం. ఆకలేస్తే ఎక్కడ చూడాలో రాయి పెట్టి చెప్పాం. మా జాబితాలో కాకి ఎందుకు లేదంటే, మా నాయన పోయిన పదకొండో నాడు పిండం పెట్టి, కాకి రావాలని నేనే చేతులు జోడించి నిల్చున్నాను. మా అందరి నాయనల కోసం మేమందరం నిల్చున్నాం. గూడు దోచే దొంగల లెక్క తీసేటప్పుడు పెద్దల పేరు ఎవరు రాస్తారు? ఆ ముసలాయనకు పిట్ట అంటే పిట్టే. ఆయన చూసింది చూసినట్టు చెప్పాడు. నేను విన్నది మాత్రం నవ్వు ఒక్కటే.

బట్టమేక తిరిగి వచ్చింది. ఖాళీ పెంకు పక్కన నిలబడింది. తర్వాత, నమ్మండి నమ్మకపోండి, దాని మీద కూర్చుంది.

సాయంత్రానికి రాళ్లన్నీ ఒక్కొక్కటే మోసి వాగులో పడేశాను. మర్నాడు దారోగా దగ్గరికి పోయి చెప్పాను. ఆయన మొదట నవ్వాడు.

"మూడేండ్లు కాకులకు దావత్ ఇచ్చినవా? తెల్ల దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి మరీ?"

"ఆ మనిషి తప్పు లేదు సాబ్. హుకుం రద్దు చేయించాలె."

నవ్వు ఆగింది. "పాగల్ అయినవా? దొరగారి దస్తకత్తు అయింది. కాకి తప్పు చేసిందని దొరగారు మళ్లీ దస్తకత్తు చేస్తరా? రాళ్లు తీసేసినవ్ గద. నోరు మూసుకో. వచ్చే ఏడు పిల్లలు కనపడితే నీకే మంచి పేరు."

"మరి ఆయన?"

"ఏ ఆయన?"

ఈ రెండు ముక్కలు విని ఇంటిదారి పట్టాను. నేను ఎలాంటివాణ్ణో ఆ దారోగాకు పూర్తిగా తెలియదు. పాత బెల్టు కోసం మూడేళ్లు అర్జీలు పెట్టిన మనిషిని. ఇంటికి వచ్చి కాగితం తీసి, పిట్టలాయన మీద రాసినంత శ్రద్ధగా నా మీద నేనే ఫిర్యాదు రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. కచేరి గుమాస్తా నన్ను చూడగానే తల పట్టుకునేవాడు. "నీ మీద నువ్వే ఎన్నిసార్లు పెట్టుకుంటవయ్యా? ఎవరన్నా చూస్తే మాకే సిగ్గు" అన్నాడు. తొమ్మిదో అర్జీకి, విసిగి, హుకుం ఎత్తేశారు. దాంతోపాటే నా బెల్టూ తీసుకున్నారు. ఆ పాత బెల్టునే. కొత్తది ఇచ్చి తీసుకున్నా గౌరవంగా ఉండేది. యుద్ధం వచ్చి పెట్రోలు దొరక్క దొరగారి మోటారు మూలపడింది. గుర్రపు లాయానికి మళ్లీ పని పెరిగింది. నన్ను అక్కడ గడ్డి గోదాముకు కాపలా వేశారు.

ఆ ఏడు బీట్లో ఒక బట్టమేక పిల్ల తల్లి వెనక నడుస్తూ కనపడిందని గొర్రెల కాపరి ఒకాయన చెప్పాడు. మంచి పేరు నా తర్వాత వచ్చినవాడికి పోయింది. అది వేరే ఫిర్యాదు, ఇక్కడ రాయను.

పిట్టలాయన్ను వెతికితే కొత్తకోట దగ్గర దొరికాడు. పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సులు ఆగే చోటికి కాస్త అవతల, రోడ్డు పక్కన ఆలుమగలిద్దరూ కంకర కొడుతున్నారు. పిట్టను చూసి పిట్ట వయసు చెప్పగల మనిషి. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని సుత్తి పట్టుకున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. ఏం చెప్పాలో నడిచినంత దూరం కూడగట్టుకున్నాను. నేను మొదలుపెట్టేలోపే ఆయనే అడిగాడు.

"రాళ్లు తీసేసినవా పటేలా?"

"తీసేసిన."

"గుడ్లు నిలుస్తున్నయా?"

"ఒక పిల్ల తిరుగుతున్నదట."

"మంచిది" అని ఇంకో రాయి పగలగొట్టాడు.

హుకుం ఎత్తేశారని, గుడిసెలు వేసుకోవచ్చని చెప్పాను. నేనే అర్జీ పెట్టానని కూడా చెప్పాను, ఊరుకోలేక. తర్వాత ఆగలేక అసలు మాట అనేశాను. "ఆ రోజు అందరి ముందర, కాకులకు తొవ్వ చూపనీకా అన్నవ్. నేను తిట్టు అనుకున్న. గా మాట మూడేండ్లు కడుపుల పెట్టుకున్న."

ఆయన సుత్తి ఆపి నా ముఖం చూశాడు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి చూశాడు.

"నేనన్ననా? ఏమో పటేలా, నాకు యాదికి లేదు." ఇంకో రాయి ముందుకు లాక్కుని అన్నాడు: "వెంట్రుకలు కాలిన వాసన యాదికున్నది."

ఆయన భార్య తల ఎత్తలేదు. నేను చంకలోని మూట విప్పి ఆయన ముందు పెట్టాను. లాయంలో గుర్రాలు కడిగేవాణ్ణి నెలంతా బతిమాలి పోగుచేసిన తోక వెంట్రుకలు, పొడుగైనవి, ఏరి కట్టలు కట్టినవి. ఆయన ఒకటి తీసి రెండు చేతులా లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పక్కన పెట్టేశాడు.

"ఇవి ఆడ గుర్రానివి పటేలా. ఉచ్చల తడిసి తడిసి కుళ్లుతయి. కౌజు గుంజితె పుటుక్కుమంటయి. మగ గుర్రం తోకవి కావాలె. నీకు లాయంల ఇంత గూడ తెల్వదా?"

పక్కన కంకర కొడుతున్న నలుగురు నవ్వారు. ఆయన భార్య కూడా నవ్వింది. నా చెవులు మళ్లీ భగ్గుమన్నాయి. ఇంత దూరం నడిచి వచ్చినవాణ్ణి, ఉద్యోగం సగం పోగొట్టుకుని వచ్చినవాణ్ణి, ఈ మనిషి మళ్లీ నలుగురి ముందర. నాలుగో అవమానం అని లెక్క వేసుకున్నాను కూడా.

వేసుకుని, మూట కట్టుకుని, "మగ గుర్రం తోక ఎట్లుంటే గట్టిది? నల్లదా, ఎర్రదా?" అని అడిగాను.

"నల్లది" అన్నాడు.

వచ్చిన దారినే లాయానికి నడిచాను, నల్ల గుర్రం తోక కోసం.